రద్దీలో ఏకాంతం

2022 ఏప్రిల్‌లో జర్మనీకి చెందిన ఆడి కంపెనీ ‘అర్బన్‌స్ఫియర్’ అనే విద్యుత్ కారు నమూనాను లోకానికి చూపించింది. అమ్మకానికి కాదు. మున్ముందు విలాసపు కారు ఎలా ఉండబోతున్నదో చాటడానికి చేసే ఇటువంటి నమూనాలను కాన్సెప్ట్ కార్లంటారు. చైనా మహానగరాల రద్దీని దృష్టిలో పెట్టుకొని దీన్ని రూపొందించామనీ, రూపకల్పనలో అక్కడి ఖాతాదారులను కూడా భాగస్వాములను చేశామనీ కంపెనీ చెప్పుకున్నది. రద్దీ నగరం కోసం చేసిన ఈ కారు పొడవు 5.51 మీటర్లు, వెడల్పు 2.01 మీటర్లు. కూర్చునేది నలుగురు.

ఈ అంకెలు చదివి నవ్వి ఊరుకోవచ్చు. కాని వీటి వెనుక గంభీరమైన నైతిక ప్రశ్న ఒకటి ఉన్నది. అందరికీ చాలని వస్తువు ఏదైనా ఉన్నప్పుడు, అది నీరు కానీండి, చోటు కానీండి, ఆ కొరత నుండి ఒక్కడు తప్పించుకొనే మార్గాన్ని కొరతకు పరిష్కారమని అనవచ్చునా?

ఊహలో పుట్టిన కారును పట్టుకొని ఇంత విచారణ దేనికని విద్యార్థి మిత్రులు అడగవచ్చు. సాహిత్యం చదువుకునేవారికి ఈ సందేహం రాకూడదు. ప్రబంధాల్లోని పురవర్ణనలు కూడా ఊహలే. అటువంటి నగరం ఎక్కడా లేదు గదా అని మనం వాటిని వదిలిపెట్టలేదు. ఆకాశాన్నంటే మేడలూ, మదపుటేనుగులూ కనిపించే ఆ పురంలో వీధులూడ్చేవాడు ఎందుకు కనిపించడని అడగటం నేర్చుకున్నాం. కవి ఏది చూశాడనే దానికన్నా ఏది చూడనవసరం లేదనుకున్నాడో తెలుసుకోవటం విమర్శకు ముఖ్యం. కాన్సెప్ట్ కారు పెట్టుబడి రాసుకున్న పురవర్ణన. పైగా ఇందులో అమ్మకాల లెక్కలు అడ్డురావు గనుక కోరిక దాపరికం లేకుండా బయటపడుతుంది.

ఆ కోరిక ఎటువంటిదో లోపలికి వెళ్ళి చూడాలి. రూపకర్తలు బయటి ఆకారంతో కాక లోపలి గదితో పని మొదలుపెట్టారు. తలుపులు ఎదురెదురుగా తెరుచుకుంటాయి, మధ్య స్తంభం ఉండదు. మనిషి దిగడానికి వీలుగా కుర్చీ తలుపు వైపుకు తిరుగుతుంది. వెనక్కి వాలితే కాళ్ళకు ఆధారం లేస్తుంది. రెండు వరుసల మధ్య కారు వెడల్పునా ఒక పారదర్శకమైన తెర పైనుండి దిగుతుంది. మంచినీళ్ళు పోసే ఏర్పాటు ఉన్నది. తలుపులో గొడుగు ఉన్నది. చైనా సంప్రదాయపు గొడుగు, తనంతట తానే వెలుగుతుంది. తల ఆనించుకునే చోట పక్కవారి నుండి కూడా మరుగు కల్పించే పలకలున్నాయి. ముఖాన్ని పరిశీలించి, గొంతు విని, ప్రయాణికుడి మనసు ఎంత ఒత్తిడిలో ఉన్నదో యంత్రమే తెలుసుకొని విశ్రాంతికి ఉపాయం చెబుతుందట.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఈ చివరి ఏర్పాటే. నగరం మనిషి నరాలను తోడేస్తున్నదని కంపెనీ ఒప్పుకున్నది. ఇది చిన్న విషయం కాదు. కాని ఒప్పుకున్న మరుక్షణంలో ఆ జబ్బును రోడ్డు మీది నుండి తీసి ప్రయాణికుడి ముఖంలో పెట్టింది. రోడ్డు ఎందుకు స్తంభించిందనే ప్రశ్న పోయి, స్తంభించిన రోడ్డు మీద ఈ నలుగురు ఎలా ప్రశాంతంగా ఉండగలరనే ప్రశ్న మిగిలింది. సాంఘికమైన వ్యథను వ్యక్తి మనసులోని అలజడిగా మార్చి, దానికి మందు అమ్మటం పెట్టుబడిదారీ విధానానికి పాత విద్యే.

చూడకుండా ఉండగలగడం కూడా పాత విద్యే. 1845లో అచ్చయిన ఇంగ్లండు కార్మికవర్గ పరిస్థితుల గ్రంథంలో ఎంగెల్స్ మాంచెస్టరు వీధుల అమరికను వర్ణించాడు. రాజమార్గాలకు రెండు పక్కలా దుకాణాల వరుసలుండటం వల్ల, ధనికులు తమ ఇళ్ళ నుండి వ్యాపార స్థలాలకు పోతూ వస్తూ కూడా కార్మికుల మురికివాడలను కంట చూడకుండా గడపగలిగేవారని గమనించాడు. అక్కడ ఆ తెర వీధికి కట్టబడింది. ఇక్కడ వాహనంలోనే అమర్చుకొని, ఏ వీధిలోకి పోతే ఆ వీధిలోకి తీసుకుపోతున్నారు.

దీనికొక సమాధానం రావచ్చు, అది తేలికైనది కాదు. పల్లకీని మనుషులు మోశారు గనుక అది అన్యాయం. ఈ కారు వీలైన రోడ్ల మీద తనను తానే నడుపుకుంటుంది. అప్పుడు చక్రమూ పెడళ్ళూ కనబడకుండా పోతాయి. కూర్చున్నవాడి కోసం ఏ మనిషి భుజమూ నొప్పి పుట్టనప్పుడు తప్పేమున్నది? యంత్రం మనిషి బరువును దించటాన్ని మనం కాదనము. కాని పల్లకీ బరువు బోయీల భుజాలతో ఆగిపోయేది. ఈ కారు బరువు రోడ్డంతటా పరుచుకుంటుంది. అది ఆక్రమించే చోటు పదకొండు చదరపు మీటర్లు. ఆ చోటు కోసం వెనుక ఆగిన బస్సులోని వారు తమ కాలాన్ని చెల్లిస్తారు. ఎవరు ఎంత చెల్లించారో లెక్క ఉండదు గనుక మోసినవాడు లేడనిపిస్తుంది, అంతే.

విద్యుత్ వాహనం గదా, పొగ ఉండదు గదా అనేది రెండవ సమాధానం. వీధిలో పొగ తగ్గటం మేలే, అందులో సందేహం లేదు. విద్యుత్తు ఎక్కడిదనే మాట వేరే ఉన్నది. 2022లో చైనా విద్యుత్తులో సగానికి పైగా బొగ్గు నుండే వచ్చింది. అయినా చోటు సంగతి దీనితో తేలదు. బీజింగ్ 2011 నుండి కొత్త కార్ల నంబరు ప్లేట్లను లాటరీ వేసి ఇస్తున్నది, షాంఘై వేలం పాడుతున్నది. రోడ్డు మీది చోటును ఒకరు అదృష్టానికి, మరొకరు డబ్బుకు అప్పగించారు. (రెండింటిలో ఏది తక్కువ అన్యాయమో తర్కశాస్త్రం చదివే మిత్రులు చర్చించవచ్చు.) షాంఘై ఏళ్ళ తరబడి విద్యుత్ కార్లకు ఉచితంగానే ప్లేట్లిస్తూ వచ్చింది. పొగ లేని కారు చోటు ఆక్రమించదన్నట్టుగా!

అదే దేశంలో 2020లో ఊలింగ్ అనే చిన్న విద్యుత్ కారు మార్కెట్లోకి వచ్చింది. అందులోనూ నాలుగు సీట్లే. పొడవు మాత్రం 2.92 మీటర్లు, మొదటి ధర 28,800 యువాన్లు. ఆడి నమూనా బ్యాటరీలో సుమారు 120 యూనిట్ల విద్యుత్తు పడుతుంది. ఈ చిన్న కారుకు మొదట అమర్చిన బ్యాటరీలో తొమ్మిది యూనిట్లకు కాస్త పైన. ఊలింగ్‌ను ఆకాశానికెత్తటం నా ఉద్దేశం కాదు. అందులో జనరల్ మోటార్స్‌కు భాగమున్నది, అదీ లాభం కోసం చేసిన సరుకే. కాని నలుగురిని నగరంలో తిప్పటమే అక్కర అయితే ఎంత ఇనుము, ఎంత లోహం, ఎంత రోడ్డు చాలునో అది చూపించింది. మిగిలిన పన్నెండు బ్యాటరీలంత విద్యుత్తు దేనికోసమో అప్పుడు అడగగలుగుతాం. నగరం దాటి దూరప్రయాణం చేయటానికంటారు. అలాగైతే నగరం కోసమనే మాట దేనికి?

ఇక షెన్‌జెన్ నగరం 2017 చివరికల్లా తన సిటీ బస్సులన్నింటినీ, పదహారు వేలకు పైగా, విద్యుత్ బస్సులుగా మార్చింది. ప్రభుత్వం పెద్ద మొత్తంలో సబ్సిడీ ఇచ్చింది గనుకనే సాధ్యమయింది. అక్కడ రూపకర్తల ముందున్న సమస్యలు వేరు: రాత్రివేళ అన్ని బస్సులకు ఛార్జింగు ఎక్కడ పెట్టాలి, డిపోలకు చోటు ఎలా దొరుకుతుంది, రోజంతా తిరగటానికి ఒక ఛార్జింగు చాలుతుందా. ఆ బస్సుల్లో ముఖం చూసి మనసు చదివే యంత్రం లేదు. సాయంత్రం షిఫ్టు దిగిన కార్మికుడు వాటిలో నిలబడే ఇంటికి పోతాడు.