వరసలో న్యాయం

వరస పాటించటం న్యాయమనే విషయంలో మనలో అభిప్రాయభేదం లేదు. రేషను షాపు దగ్గిర మధ్యలో దూరినవాణ్ణి అందరం కేకలేస్తాం. డాక్టరు దగ్గిర కూడా ఈ న్యాయం సరిపోతుందా అన్నది నా ప్రశ్న.

వరసను తక్కువచేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. వరస లేనిచోట మోతుబరి ముందు లోపలికి వెళతాడు, అతని బంధువు తరవాత వెళతాడు, కూలివాడు అందరికన్నా చివర. నంబర్లు వచ్చాక ముగ్గురూ కనీసం సూత్రప్రాయంగానైనా సమానులయారు. అది అభివృద్ధే. అయితే నంబరు చేతికి వచ్చేలోపల జరిగినదాన్ని ఈ సమానత్వం లెక్కలోకి తీసుకోదు.

మా ఊళ్ళో ఒక ప్రైవేటు డాక్టరుగారి నంబర్లు ఉదయం 6 గంటలకు ఫోనులో ఇస్తారు. నాబోటి ఉపాధ్యాయుడు మంచం దిగకుండానే నంబరు సంపాదించి, వేళకు వెళ్ళి, పేపరు చదువుతూ కూర్చుంటాడు. అతని జీతం తెగదు. పక్క పల్లెనించి మొదటి బస్సులో వచ్చిన కూలిమనిషికి 47వ నంబరు దొరుకుతుంది. కాంపౌండరు ఏ పక్షపాతమూ చూపలేదు. అనుమానం ఉంటే పుస్తకం తీసి చూపిస్తాడు. కాని ఆమెకు ఆనాటి కూలి పోయింది, తోడు వచ్చిన కూతురి కూలి కూడా పోయింది. ఇద్దరం ఒకే ఫీజు ఇచ్చామంటుంది రసీదు. కాచుకుని ఉండటం కూడా ఒక ఫీజే. అది బీదవాళ్ళ దగ్గిరే ఎక్కువ వసూలవుతుంది, రసీదులో మాత్రం కనిపించదు.

డాక్టరు ఫీజు ఎత్తేస్తే ఈ అన్యాయం పోతుందా? బ్రిటనులో 1948 జులై 5న జాతీయ ఆరోగ్య సర్వీసు మొదలయింది. దాన్ని సాధించిన మంత్రి అన్యూరిన్ బెవాన్ ఒకప్పుడు బొగ్గుగని కార్మికుడు. డాక్టరుకు చూపించుకోవటం అక్కడ ఈనాటికీ ఉచితమే. ఇది సామాన్యమైన విజయం కాదు. అయినా అక్కడి రోగులు ఈ మధ్య సంవత్సరాల్లో చెప్పుకుంటూ వచ్చిన బాధ ఉదయం 8 గంటల ఫోను. లైను తెరవగానే ఊరంతా ఒక్కసారి ఫోను చేస్తుంది. కాసేపటికి ఆనాటి అపాయింట్‌మెంట్లు అయిపోతాయి. ఆ వేళకు బస్సు నడుపుతున్న డ్రైవరు ఫోను చెయ్యలేడు. 2025 అక్టోబరు 1 నించి ఇంగ్లండులోని స్థానిక డాక్టర్లు పనివేళలంతా ఆన్‌లైనులో కూడా రోగుల విన్నపాలు తీసుకోవాలనే నిబంధన వచ్చింది. వాకిలి వెడల్పయింది, మంచిదే. లోపల ఉన్న డాక్టర్ల సంఖ్య దానివల్ల పెరగదు. వైద్యం అవసరం ఎక్కువగా ఉన్నచోటే వైద్యం తక్కువగా దొరుకుతుందనీ, దాన్ని మార్కెట్టుకు వదిలినకొద్దీ ఈ పరిస్థితి ముదురుతుందనీ వేల్సు గనుల ప్రాంతంలో పనిచేసిన డాక్టరు జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లోనే రాశాడు.

ముందు వచ్చినవాడికి ముందు అనే సూత్రం కాకపోతే మరేమిటి? దీనికి జవాబు కొత్తది కాదు. నెపోలియన్ సైన్యంలో సర్జనుగా ఉన్న లారే, క్షతగాత్రుల హోదా చూడకుండా గాయం తీవ్రతనుబట్టి వైద్యం చేశాడు. ఆస్పత్రుల్లో అత్యవసర విభాగాలు నడిచేది ఈ సూత్రం మీదనే. ప్రతివాడూ తన జబ్బే పెద్దదంటాడు గదా అని కొందరు ఆక్షేపిస్తారు. అంటాడు. అందుకే ఆ సంగతి తేల్చే పని రోగి నోటికి గాని, కాంపౌండరు పుస్తకానికి గాని వదలకూడదు. శిక్షణ పొందిన నర్సు వచ్చినవాళ్ళందర్నీ ముందుగా ఒకసారి చూడటం అసాధ్యం కాదు. పని మానుకోలేనివాళ్ళ కోసం సాయంత్రం వైద్యశాల తెరవటమూ అసాధ్యం కాదు. మైదాన ప్రాంతంలో 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అన్నది మన ప్రభుత్వ ప్రమాణం. ఆ కేంద్రంలో డాక్టరు రోగుల్ని చూసే వేళ, కూలివాడు పొలంలో ఉండే వేళ ఒకటే అయితే, ఆ ప్రమాణం అతనికి ఏం ఒరగబెట్టినట్టు?

డబ్బు ఇచ్చుకోలేని కారణంగా ఎవరికీ వైద్యం అందకుండా పోరాదని భోర్ కమిటీ 1946లో చెప్పింది. కాచుకుని ఉండలేని కారణంగా కూడా పోరాదని మనం చేర్చుకోవాలి. వరస ఎంత సక్రమంగా సాగినా, దాన్లో నిలబడే స్తోమత లేక ఇంటిదగ్గిరే ఉండిపోయిన రోగి ఏ పుస్తకంలోనూ నమోదు కాడు. అతన్ని లెక్కలోకి తీసుకోని ఏర్పాటును క్రమశిక్షణ అంటే ఒప్పుకుంటాను, న్యాయమంటే ఒప్పుకోను.