జానపద కళాకారుడు, ప్రాథమిక పాఠశాల: అతిథియా? ఆచార్యుడా?

గణతంత్ర దినోత్సవం నాడో, పాఠశాల వార్షికోత్సవం నాడో ఊరిలోని ఒగ్గుకథ బృందాన్నో డప్పు కళాకారులనో బడికి పిలవటం తెలుగునాట పరిపాటి. వారు వస్తారు. మైదానంలో ఒక పక్కన వేచి ఉంటారు. ముఖ్య అతిథి ప్రసంగం ముగిసిన పిదప పదిహేను నిమిషాలపాటు తమ విద్యను ప్రదర్శిస్తారు. శాలువా కప్పుతారు, ఫొటో తీస్తారు. మరునాడు పిల్లలు యథాప్రకారం పుస్తకాలు తెరుస్తారు. కళాకారుడు కూలిపనికి వెళతాడు.

పైకి చూస్తే ఇందులో తప్పుపట్టవలసినది ఏదీ లేదు. అయితే పిల్లల మనస్సులో మిగిలే భావన ఏమిటని ఆలోచించినప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది. లెక్కలు చెప్పే వ్యక్తికి బడిలో కుర్చీ ఉంది. ఆయన ప్రతిరోజూ వస్తాడు. ఆయన చెప్పినదానికి పరీక్ష ఉంటుంది. డప్పు వాయించిన వ్యక్తి నిలబడి వాయించాడు, వెళ్ళిపోయాడు. ఏది విద్య, ఏది వినోదం, ఎవరు గురువు, ఎవరు కారు అనే పాఠాన్ని పిల్లలు ఆ ఒక్కరోజులోనే నేర్చుకుంటారు. ఏ పాఠ్యప్రణాళికలోనూ రాసిపెట్టని ఆ పాఠం తక్కిన వాటికంటే లోతుగా నాటుకుంటుంది.

స్థానిక కళాకారులను, సంగీత సంప్రదాయాలను ప్రాథమిక విద్యలో చేర్చాలన్న ఆశయంతో విభేదించేవారు నేడు అరుదు. అందరూ అంగీకరించే చోటనే అసలు ప్రశ్న మరుగున పడే ప్రమాదం ఉంటుంది. చేర్చాలా వద్దా అన్నది ఇప్పటి సమస్య కాదు. ఏ హోదాలో చేర్చాలి, ఎవరి కోసం చేర్చాలి, ఏది చేర్చి ఏది విడిచిపెట్టాలి అన్నవి తేల్చవలసిన సంగతులు. ఇవి పరిపాలనకు సంబంధించినవిగా కనిపించినా మూలంలో నైతికమైన ప్రశ్నలే.

పై అంతస్తు నుంచి కిందికి

తెలుగు సాహిత్యం జానపదుల పాటను ఏనాడూ పూర్తిగా విస్మరించలేదు. పదమూడవ శతాబ్దిలోనే పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు మొదలైన వాటిని పేరు పేరునా పేర్కొన్నాడు. ఇరవయ్యవ శతాబ్దిలో విశ్వవిద్యాలయాలు ఈ సంపదను గుర్తించాయి. ఉస్మానియాలో బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయ సాహిత్యంపై చేసిన పరిశోధన ఆ మార్గంలో తొలి మైలురాయి. 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం జానపద, గిరిజన విజ్ఞానాల అధ్యయనానికి వరంగల్లులో ప్రత్యేక పీఠాన్ని నెలకొల్పింది.

గమనించదగిన విషయమేమిటంటే జానపద కళ విద్యాసౌధంలోకి పై అంతస్తు నుంచి ప్రవేశించింది. ముందు పరిశోధకుడికి అందింది. చిన్నపిల్లలకు ఇంకా సరిగా అందలేదు. ప్రభుత్వ విధానాలలో సైతం ఇదే క్రమం కనిపిస్తుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని అనుబంధ పట్టిక, 6 నుంచి 8 తరగతులలో 100 మందికి మించి పిల్లలున్న పాఠశాలలకు కళావిద్య బోధించే పార్ట్ టైమ్ బోధకులను నిర్దేశించింది. 1 నుంచి 5 తరగతులకు అటువంటి నిర్దేశం లేదు. స్థానిక కళాకారులను, చేతివృత్తుల నిపుణులను బోధకులుగా తీసుకోవాలని 2020 నాటి జాతీయ విద్యావిధానం సూచించింది. 2023లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఉన్నత విద్యాసంస్థలలో కళాకారుల నియామకానికి మార్గదర్శకాలను వెలువరించింది. పాట సహజంగా పట్టుబడే వయస్సు ఆరేడేళ్ళు. ఏర్పాట్లు మాత్రం ఆ వయస్సు దాటిన తరువాతనే మొదలవుతున్నాయి.

పుట్టుకా, అభిరుచియా

ఈ ప్రయత్నంపై వచ్చే మొదటి ఆక్షేపణ తేలికగా తోసివేయదగినది కాదు. మన జానపద కళలలో అనేకం కులంతో ముడిపడినవి. ఒగ్గుకథకులు గొల్ల, కురుమ కులాలవారికి మల్లన్న, బీరప్ప కథలు చెబుతారు. డక్కలివారు మాదిగలకు జాంబపురాణం వినిపిస్తారు. డప్పు తరతరాలుగా మాదిగల చేతిలో ఉంది. అయితే ఆ చేతికి దానిని ఎంచుకొనే స్వేచ్ఛ లేదు. చావుకు వాయించటం, చాటింపు వేయటం ఊరు వారిపై మోపిన విధులు. ఇటువంటి కళను బడిలోకి తీసుకురావటమంటే, బడి చదువు ద్వారా ఏ బంధనం నుంచి పిల్లవాడు బయటపడాలనుకున్నాడో ఆ బంధనాన్నే తరగతి గదిలోకి తీసుకురావటం కాదా?

ఈ భయానికి చారిత్రక ఆధారం ఉంది. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజగోపాలాచారి ప్రభుత్వం గ్రామీణ ప్రాథమిక పాఠశాలల కోసం ఒక సంస్కరణను ప్రవేశపెట్టింది. దాని ప్రకారం పిల్లలు ఒక పూట బడిలో చదువుకోవాలి, రెండవ పూట తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలి. ఆ పథకం వెలువడిన నాటికి ఆంధ్ర ప్రాంతం ఆ రాష్ట్రంలోనే ఉంది. అదే సంవత్సరం అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. చేతిపనికి గౌరవం కలిగించటమే ఉద్దేశమని పథకాన్ని సమర్థించినవారు చెప్పారు. చాకలి కొడుకును చాకలిగానే ఉంచే కులవిద్య ఇదని వ్యతిరేకించినవారు వాదించారు. 1954లో కామరాజ్ ప్రభుత్వం దానిని ఉపసంహరించింది. సదుద్దేశం ఒక్కటే చాలదని, ఎవరి బిడ్డకు ఏది నేర్పుతున్నామన్న ప్రశ్నకు సమాధానం చెప్పుకోవాలని ఆ అనుభవం హెచ్చరిస్తున్నది.

మరొక వైపు నుంచీ దీనిని చూడవలసి ఉంటుంది. 1994లో ప్రారంభమైన మాదిగ దండోరా ఉద్యమం ఆ డప్పునే ఆత్మగౌరవ చిహ్నంగా ఎత్తి పట్టింది. చాటింపుకు వాడిన మాటనే తన పేరుగా చేసుకున్నది. ఒకే వాద్యం ఒకరికి విడిచిపెట్టవలసిన బరువుగా, మరొకరికి ఎలుగెత్తవలసిన గొంతుగా తోచటంలో వైరుధ్యం లేదు. వాయించాలా వద్దా అన్న నిర్ణయం తమదే కావాలన్న ఒక్క కోరికకు అవి రెండు రూపాలు. అందుచేత బడి పాటించవలసిన మొదటి నియమం స్పష్టమే: డప్పు నేర్పితే తరగతిలోని పిల్లలందరికీ నేర్పాలి. “నీకు వచ్చు కదా, నువ్వు వాయించు” అని ఒక పిల్లవాడిని వేలెత్తి చూపిన క్షణంలో ఆ పాఠం కళాపాఠంగా ఉండదు, కులపాఠంగా మారిపోతుంది. భూస్వామి మనుమడూ డప్పు కాచే మంట దగ్గర కూర్చుని, చిర్ర, సిటికెన పుల్ల ఎలా పట్టుకోవాలో ఆ గురువును అడిగి తెలుసుకున్న నాడు మాత్రమే బడి తన ధర్మాన్ని నిర్వర్తించినట్లవుతుంది.

పుట్టుక నుంచి విడివడితే కళ బతకదని శంకించేవారికి బుర్రకథ సమాధానం చెబుతుంది. జంగాలు పాడిన జంగం కథ దానికి మూలం. 1940లలో ప్రజానాట్యమండలి దానిని చేపట్టిన పిదప భిన్న కులాల, మతాల యువకులు తంబుర, డక్కీలు పట్టారు. మహిళా దళాలు వెలిశాయి. గుంటూరు ప్రాంతంలో పేద ముస్లిం కుటుంబంలో జన్మించిన షేక్ నాజర్ పల్నాటి యుద్ధాన్ని, బొబ్బిలి యుద్ధాన్ని తెలుగు శ్రోతల కళ్ళకు కట్టించి ఆ కళకే మారుపేరయ్యాడు. 1986లో ఆయనను పద్మశ్రీ వరించింది. ఒక కులం గడప దాటినందువల్ల బుర్రకథ క్షీణించలేదు; మరెన్నో ఇళ్ళు దానికి నెలవులయ్యాయి.

ఏది తేవాలి, ఏది విడవాలి

రెండవ ప్రశ్న కళ స్వభావానికి సంబంధించినది. ఒగ్గు అంటే శివుని డమరుకం. ఒగ్గు పూజారి కథ చెప్పటమే కాక మల్లన్న పట్నాలు వేస్తాడు, దేవుని పెళ్ళి జరిపిస్తాడు. కొమురవెల్లి జాతరలో ఆ కథకు శ్రోతలు భక్తులు. ఆ కథను నలభై నిమిషాల పీరియడ్‌లో ఇమిడ్చినప్పుడు కొంత పోతుంది. ఏది పోవచ్చు, ఏది పోకూడదు అన్నది ఎవరు నిర్ణయించాలి?

పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే విద్యాసంస్థలో మతబోధ కూడదని రాజ్యాంగంలోని 28వ అధికరణం శాసిస్తున్నది. కాబట్టి క్రతువు బడిలోకి రాకూడదు. ఈ పరిమితిని కళాకారులు అవమానంగా భావించనవసరం లేదు. నిజానికి ఇది వారికీ రక్షణే. పూజలో భాగమైనదానిని ప్రదర్శన వస్తువుగా మార్చవద్దని వారూ కోరుకుంటారు. కథాకథనం, దరువుల వైవిధ్యం, ప్రధాన కథకుడికీ వంతపాటగాళ్ళకూ నడుమ సాగే సంభాషణ, ఒక తువ్వాలును కొంగుగా, ఊయలగా మార్చి చూపే నేర్పు: ఇవన్నీ ఏ మతానికి చెందిన పిల్లలైనా నేర్చుకోదగినవి. అయితే ఆ గీత ఎక్కడ గీయాలన్నది కార్యాలయంలో కూర్చుని నిర్ణయించే విషయం కాదు. “ఇది ఇక్కడ పాడను” అని చెప్పే హక్కు కళాకారుడికి ఉండాలి. ఆ హక్కు లేనివాడు పిలిచినప్పుడు వచ్చి అడిగినది చేసి వెళ్ళే పనివాడే అవుతాడు.

వృత్తికళాకారులు లేని ఊళ్ళలో ఏమి చేయాలన్న సందేహం తరచు వినిపిస్తుంది. ఈ సందేహం కళ అంటే ప్రదర్శన అనే అపోహ నుంచి పుట్టినది. నాట్ల పాటలు, రోకటి పాటలు, తిరగలి పాటలు, జోలపాటలు, బతుకమ్మ పాటలు, గొబ్బి పాటలు ఏ ఒక్క కులానికీ వృత్తి కావు. వాటికి వేదిక, వేషం, బృందం అక్కరలేదు. వాటిని భద్రపరిచినవారు స్త్రీలు. రైసుమిల్లు వచ్చి రోలును, పిండిమర వచ్చి తిరగలిని మూలకు నెట్టాయి. శ్రమ తగ్గినందుకు ఎవరూ చింతించనవసరం లేదు కాని, ఆ శ్రమతోపాటు నడిచిన పాటకు వినేవారు లేకుండా పోయారు. ఊరిలోని ఒక వృద్ధురాలు రెండవ తరగతి గదిలో కూర్చుని దంపుడు లయను పిల్లల చేత చప్పట్లతో పలికించినప్పుడు పాటకూ పనికీ ఉన్న సంబంధాన్ని ఏ పుస్తకమూ చెప్పలేనంత సులువుగా వారు గ్రహిస్తారు. జీవితమంతా “నాకు చదువు రాదు” అని చెప్పుకున్న ఆమెకు బోధించటానికి ఒక విద్య ఉందని ఆ గది అంగీకరించినట్లూ అవుతుంది.

పుస్తకంలో పేరు, బడిలో చోటు

మూడవ ప్రశ్న కళాకారుడి జీవితానికి సంబంధించినది. పన్నెండు మెట్ల కిన్నెర విద్వాంసుడు దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ లభించింది. ఆయన జీవితం తెలంగాణలో ఎనిమిదవ తరగతి పాఠ్యాంశంగా కూడా చేరింది. డక్కలి కుటుంబాల చేతిలో నిలిచిన వాద్యానికి ఇది సముచిత గౌరవమే. అయినా ఒక భేదాన్ని మరువరాదు. పాఠంలో చేరటం వేరు, పాఠశాలలో చేరటం వేరు. పుస్తకంలోని కిన్నెర బొమ్మను చూసి పిల్లలు పరీక్షలో ఖాళీలు పూరించగలరు. వెదురు బొంగుకు ఎండిన సొరకాయ బుర్రలు ఎందుకు కట్టారో, మెట్టు మెట్టుకూ స్వరం ఎలా మారుతుందో తెలియాలంటే ఆ వాద్యం వారి చేతికి అందాలి. దానిని అందించే మనిషి ఎదుట ఉండాలి.

ఆ మనిషి రావాలంటే ఆయన ఆ రోజు కోల్పోయే కూలికి తగిన ప్రతిఫలం ఉండాలి. సన్మానం ఏడాదికొకసారి వస్తుంది. ఆకలి రోజూ వేస్తుంది. విద్యార్హత పత్రం లేదన్న కారణంతో కళాకారుడికి బోధకుడి పారితోషికం నిరాకరించటంలో ఒక విచిత్ర తర్కం ఉంది. ఏ విద్యను బడి ఇంతకాలం గుర్తించలేదో, ఆ విద్యకు బడి ఇచ్చిన పత్రం చూపమని అడగటమే అది. పరంపరాగత విద్యకు సాక్ష్యం దానిని తరతరాలుగా విన్న ఊరు. ఆ ఊరి పెద్దలు, ప్రధానోపాధ్యాయులు, తోటి కళాకారులు కలిసి ఆ యోగ్యతను నిర్ధారించటం అసాధ్యమేమీ కాదు.

వ్యయం దృష్ట్యా ఈ ఆలోచన అతి ఆశగా తోచవచ్చు. కాని బడిబడికీ కళాశాఖ నెలకొల్పమని ఎవరూ కోరటం లేదు. వారానికి రెండు పీరియడ్లు, ఒక్కో విడతలో ఒక్క కళ, ప్రదర్శన కోసం కాక సాధన కోసం కేటాయించిన సమయం, తరగతి ఉపాధ్యాయుడు సైతం పిల్లలతోపాటు కూర్చుని నేర్చుకొనే ఆనవాయితీ ఉంటే ఆరంభానికి చాలును. ఇందులో చివరిది ముఖ్యమైనది. తమ ఉపాధ్యాయుడు మరొకరి ముందు శిష్యుడు కావటం చూసిన పిల్లలకు విద్య ఏ ఒక్కరి సొత్తూ కాదని వేరే చెప్పనక్కరలేదు.

బడిలోకి జానపద కళ వచ్చిందా లేదా అన్నది వార్షిక నివేదికలోని ఫొటోల సంఖ్యను బట్టి తేలదు. దానికి ఒకటే పరీక్ష. కళాకారుడి సొంత బిడ్డ అదే తరగతిలో కూర్చుని ఉన్నప్పుడు, తండ్రి గుమ్మంలోకి అడుగుపెట్టగానే ఆ బిడ్డ తల దించుకుంటాడా, తక్కిన పిల్లలతో కలిసి లేచి నిలబడతాడా? తండ్రి విద్యను తానూ కొనసాగించాలా, మరొక దారి వెతుక్కోవాలా అన్నది ఆ బిడ్డ ఇష్టం. దారి ఏదైనా తల ఎత్తుకొని నడిచేలా చూడటం బడి బాధ్యత.