బార్కింగ్ సమాధుల తోటలో



ఈ వారం సంగతి భోజనాల దగ్గర మాట్లాడుకునేది కాదు. అయినా పత్రిక దాచిపెట్టకండి, ఎదిగిన పిల్లలుంటే వారినీ చదవనివ్వండి.

లండన్ నగరపు తూర్పు శివారులో బార్కింగ్ అనే చోట పునీత మార్గరెట్ పేర ఒక ఆంగ్లికన్ దేవాలయం ఉంది. దాని సమాధుల తోటలో 2014 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఇద్దరు యువకుల శవాలు దొరికాయి. కుక్కను తిప్పడానికి వచ్చిన ఒకే స్త్రీకి ఆ రెండూ కనిపించాయి. మరుసటి ఏడు ఆ ఆవరణ దగ్గరే మూడో శవం. వీరందరికంటే ముందు, 2014 జూన్‌లో, హంతకుని ఇంటి ముందే మరొకరు. నలుగురికీ పాతికేళ్లు దాటలేదు. ఇంటర్నెట్‌లో పరిచయం చేసుకుని, జీహెచ్‌బీ అనే మత్తుమందు మితిమీరి ఇచ్చి చంపిన స్టీఫెన్ పోర్ట్‌కు 2016లో యావజ్జీవ ఖైదు పడింది. కుటుంబాలూ స్నేహితులూ ఎంత మొత్తుకున్నా పోలీసులు వీటిని చాలాకాలం హత్యలనుకోలేదు. తర్వాతి ముగ్గురి చావుకు పోలీసుల లోపాలు కూడా బహుశా కారణమని 2021లో విచారణ జరిపిన జ్యూరీ తేల్చింది.

అది హత్య. హంతకుడు లేకుండానే ఇదే మందు ప్రాణం తీసే గదులు వేరే ఉన్నాయి. స్వలింగ ఆకర్షణ గల పురుషులలో కొందరు (అందరూ కారు, ఆ మాట మరచిపోవద్దు) శరీర సంబంధం కోసమే మత్తుమందులు వాడే అలవాటుకు అక్కడ కెమ్‌సెక్స్ అని పేరు. మెఫిడ్రోన్, క్రిస్టల్ మెథ్, జీహెచ్‌బీ, దాని తోబుట్టువు జీబీఎల్. చివరి రెంటినీ సూదిలేని సిరంజితో మిల్లీలీటర్ల లెక్కన కొలుచుకుంటారు. హుషారుకూ స్పృహ తప్పడానికీ మధ్య తేడా ఒక మిల్లీలీటరు కూడా ఉండకపోవచ్చు. మద్యం తోడైతే ఊపిరే ఆగిపోవచ్చు. పక్కవాడు పడిపోతే “నిద్రపోతున్నాడులే” అనుకుంటారు. అంబులెన్సును పిలిస్తే పోలీసులు వస్తారని, ఇంట్లో తెలుస్తుందని భయపడతారు. క్రిస్టల్ మెథ్ తీసుకున్నవారు రెండు మూడు రోజులు నిద్రాహారాలు మరచి, రోజూ వేసుకోవలసిన హెచ్‌ఐవీ మాత్రలు కూడా మానేస్తారు. సూదులు పంచుకుంటే హెపటైటిస్-సి, హెచ్‌ఐవీ వస్తాయి.

సంతోషం లేకుండా మనిషి బతకలేడని, నిజమైనది దొరకనప్పుడు శరీర సుఖాల వెంట పడతాడని అరిస్టాటిల్‌ను అనుసరించి పునీత తోమాసు అక్వీనాసుగారు రాశారు. సెమినరీలో దాన్ని పరీక్ష కోసం బట్టీపట్టాము. ఇప్పుడు ఆ మాట ఈ గదులను చూసి రాసినట్టే ఉంది. చిన్నప్పటినుంచి “నీవు సిగ్గుచేటు” అని విన్నవాడికి కొన్ని గంటలపాటు ఆ సిగ్గును తుడిచేసేది ఆ మందు. తెల్లారాక అది రెట్టింపై తిరిగి వస్తుంది.

బ్రహ్మచర్య శుద్ధత గురించి శ్రీసభ బోధ మారలేదు, నేనూ మార్చడం లేదు. కాని అదే సత్యోపదేశం, ఇలాంటివారిని గౌరవంతో, దయతో స్వీకరించమనీ, అన్యాయపు వివక్ష చూపవద్దనీ చెబుతుంది. మొదటిది మనకు కంఠతా వచ్చు. రెండోది ఎందుకో నోట నిలవదు. యెరికో దారిలో పడివున్నవాణ్ణి సమరీయుడు “ఈ వేళప్పుడు ఒంటరిగా ఎందుకొచ్చావు?” అని అడగలేదు. ముందు గాయం కట్టాడు. చూసీ తప్పుకుపోయిన ఇద్దరిలో మొదటివాడు యాజకుడని నాకు తెలుసు లెండి.

మన పిల్లలు కూడా లండన్‌లో చదువుతున్నారు, అద్దె గదులు పంచుకుంటున్నారు. మెఫిడ్రోన్ మన దేశంలోనూ పట్టుబడుతూనే ఉంది. అందుచేత నాలుగు ముక్కలు చెప్పాలి. స్పృహ తప్పినవాణ్ణి పక్కకు తిప్పి పడుకోబెట్టండి, ఒంటరిగా వదలకండి. అక్కడైతే 999, ఇక్కడైతే 108. ఏ మందు తీసుకున్నాడో డాక్టరుకు దాచకుండా చెప్పండి. హెచ్‌ఐవీ సోకి ఉండవచ్చని అనుమానమొస్తే 72 గంటల లోపల మొదలుపెట్టే మాత్రలున్నాయి, ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు. ఇప్పటికే సోకినవారు క్రమం తప్పకుండా మందులు వాడి, రక్తపరీక్షలో వైరస్ కనిపించని స్థితికి వస్తే శరీర సంబంధం ద్వారా ఇతరులకు సోకదు.

ప్రభుత్వాసుపత్రిలో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం. ఫలితం బయటపెట్టకూడదని 2017 చట్టం చెబుతోంది. మన విచారణవాళ్లెవరైనా చూస్తారని జంకితే పక్క జిల్లాకు వెళ్లండి. తోడు కావాలంటే నాకు కబురు చేయండి, ఎందుకని అడగను.