గొఱ్ఱెలు ఎరిగిన స్వరము

(చదువవలసిన భాగములు: యోహాను 10:1-5, 20:11-16)



తెల్లవారగానే మన పెరళ్లలోనికి కోడిపెట్ట పిల్లలతో దిగును. గింజ దొరికినయెడల మెల్లగా, తెంపి తెంపి పిలుచును. పిల్లలు పరుగెత్తి వచ్చును. పైన గద్ద తిరిగినయెడల ఒక్క కీచుకూత. అంతే, పిల్లలు దాగును. నేలమీద కుక్క వచ్చినప్పుడు కూత వేరు. అది కొక్కొక్కొ మని ఎడతెగక సాగును. కోడికి అక్షరములు లేవు. స్వరపు ఎత్తుపల్లములే దానికి మాటలు. యెరూషలేము నిమిత్తము దుఃఖించినప్పుడు ప్రభువు తన్ను ఈ పక్షితోనే పోల్చుకొనెను (మత్తయి 23:37).

మనకు మాటలున్నవి గదా, స్వరముతో పనియేమి అందురేమో. "వచ్చినావా" అను మాట తీసికొనుడి. చివర గొంతు లేపి పలికిన ఆదరణ. దించి నొక్కి పలికిన ఎత్తిపొడుపు. అక్షరములు మారలేదు. పక్షులును పాలిచ్చు జంతువులును కోపములో మందమైన కరకు గొంతును, స్నేహములోను భయములోను సన్నని గొంతును వాడునని 1977లో మోర్టన్ అను జంతుశాస్త్రజ్ఞుడు వ్రాసెను. 1980లో డికాస్పర్, ఫైఫర్ అను ఇద్దరు, పుట్టి మూడు దినములు నిండని శిశువులు తల్లి గొంతు వినుటకై చప్పరించు తీరునే మార్చుకొనిరని చూపిరి. మాటకు ముందే స్వరము తెలియును. మహేంద్రగిరి వాలులో ఒక సవర తల్లి బిడ్డను లాలించుట విన్నాను. ఆ భాష నాకు రాదు. అయినను అది లాలియని తెలిసినది.

తోటలో మరియ ప్రభువును చూచియు తోటమాలి యనుకొనెను. ఎందుకేడ్చుచున్నావని ఆయన అడిగినను గుర్తింపలేదు. పేరు పెట్టి పిలువగానే తిరిగెను. ఆ పిలుపు ఎట్లుండెనో యోహాను వ్రాయలేదు.

ఇక నా సంగతి. వలసపనికి పోయి చాలకాలమునకు ఆరాధనకు వచ్చిన ఒక తమ్మునితో గడప దగ్గర "వచ్చినావా తమ్ముడూ" అన్నాను. అతడు వెనుదిరిగి పోయెను. నేనేమంటినని కొన్నాళ్లు నన్ను నేను సమర్థించుకొంటిని. తుదకు వారి యింటికి వెళ్లితిని.

"మాటలో ఏటి తప్పు లేదు అయ్యగారూ, ఆ గొంతే నన్ను గడప దాటనీలేదు" అనెను.

క్షమించమని అడిగితిని. అతడు బదులు పలుకలేదు. లోపలినుండి అతని తల్లి "కూకోండి అయ్యగారూ" అనెను. ఆ గొంతు విని చాపమీద కూర్చుంటిని.