ఆ సీటు

2007 ఆగస్టు 25 సాయంత్రం హైదరాబాద్‌లో లుంబినీ పార్కులోనూ, కోఠి గోకుల్ చాట్ దగ్గరా బాంబులు పేలాయి. 42 మంది చనిపోయారు. వాళ్ళలో నాకు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. అయినా తర్వాతి వారం సిటీ బస్సులో, ఒళ్ళో పెద్ద బ్యాగు పెట్టుకున్న గడ్డం కుర్రాడి పక్కనుంచి లేచి, డోరు దగ్గరికెళ్ళి నిలబడ్డాను. నా స్టాపు ఇంకా చాలా దూరం. అతనొకసారి నన్ను చూసి, కిటికీ వైపు తిరిగిపోయాడు.

హత్యకీ ఉగ్రవాదానికీ తేడా ఏంటని ఎవరైనా అడిగితే నాకు ముందు ఆ సీటే గుర్తొస్తుంది.

పోయినవాళ్ళ ఇంట్లో ఈ తేడాకి అర్థం లేదు. గట్టు తగాదాలో పోయినా, బాంబు పేలి పోయినా తల్లికి కొడుకు పోయినట్టే. తేడా చంపినవాడి ఉద్దేశంలో ఉంది. ఆస్తి కోసం అన్నని చంపేవాడికి ఆ అన్నే చావాలి. సంగతి బయటికి రాకపోతే ఇంకా మంచిది. గోకుల్ చాట్‌లో బాంబు పెట్టినవాడికి అక్కడ ప్లేటు పట్టుకుని నిలబడింది ఎవరైనా ఒకటే. కానీ సంగతి ఊరంతా తెలియాలి. లేకపోతే వాడి పని వృథా. చచ్చినవాళ్ళు వాడికి ఉత్తరం రాసుకునే కాగితం. ఆ ఉత్తరం మీద చిరునామా బతికున్న మనది.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కు ఇక్కడే మొదలైంది.

1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. అది కూడా బతికున్న వాడకి రాసిన ఉత్తరమే కదా, మీ హద్దుల్లో మీరుండండి అని? దాన్ని ఊచకోత అన్నాం, దాడి అన్నాం. ఉగ్రవాదం అని ఎందుకనలేదు? ఆ ఉత్తరం మీద నా చిరునామా లేదు కాబట్టేమో. నాకు భయమేస్తే ఉగ్రవాదం, వాళ్ళకి భయమేస్తే ఊరి గొడవ.

అలాగని ఆ మాటని అందరికీ అంటించమని కాదు. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగాక పోలీసులు పట్టుకెళ్ళిన ముస్లిం కుర్రాళ్ళలో చాలామంది తర్వాత నిర్దోషులుగా తేలారు. ఒకసారి ఆ మాట పడ్డాక, కోర్టు తీసేసినా పక్కింటివాళ్ళు తీసెయ్యరు. అందుకే అది వాడేముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలనుకుంటాను. ఎవరిని భయపెట్టడానికి చంపారు? ఆ భయాన్ని ఇప్పుడు ఎవరు మోస్తున్నారు?

మామూలు హత్యలో నా పాత్ర ఏమీ ఉండదు. ఉగ్రవాదంలో ఉంటుంది. వాడు మొదలుపెట్టిన పని నేను భయపడితేనే పూర్తవుతుంది. భయపడటం నా తప్పు కాదు. కానీ నేను భయపడి ఊరుకోలేదు. వాడు నాకు రాసిన ఉత్తరాన్ని, ఏ సంబంధమూ లేని ఇంకొకడికి బస్సులో అందించి వచ్చాను.