ఎఱిగిన మొగములు

దూరప్రయాణము చేసి వచ్చినవారు చెప్పు వృత్తాంతములలో నొక ఘట్టము తప్పక యుండును. కాశిలో దశాశ్వమేధఘట్టము మెట్లు దిగుచుండగా తమ వీధి చివరి యింటివారు ఎదురైనారట. 2015లో గోదావరి పుష్కరములకు పోయినపుడు, పదియేండ్లుగా జాడ తెలియని బాల్యమిత్రుడు మునిగి లేచి ప్రక్కనే నిలిచినాడట. గంగను గూర్చి, విశ్వేశ్వరుని గూర్చి రెండు మాటలతో సరిపెట్టినవారు ఈ సమావేశమును మాత్రము గడియసేపు వర్ణింతురు. వినువారిలో పెద్దలు ఋణానుబంధమందురు. చదువుకొన్నవారు భూమి గుండ్రముగా నున్నదందురు. ఇరుతెగలవారును తృప్తిపడి లేచిపోవుదురు. ఇందు ఆశ్చర్యపడవలసిన దెంత, ఆలోచింపవలసిన దెంత యని విచారించుటకే మే మీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మన పూర్వులు ఇట్టి సంఘటనలకు కాకతాళీయమని పేరు పెట్టిరి. కాకి వ్రాలుటయు, తాటిపండు రాలుటయు నొక్క క్షణమున జరిగినవి. ఒకదానికి మఱియొకటి కారణము గాదు. ఈ న్యాయమును బోధించునపుడు విద్యార్థులు వేయదగిన ప్రశ్న యొకటి కలదు గాని వారు వేయరు. కాకి వ్రాలినను పండు రాలని దినము లెన్ని? వానిని లెక్కించువాడు లేడు. కాశికి నాలుగు పర్యాయములు పోయి యెఱిగినవా డొక్కడును గానరాక తిరిగివచ్చినవాడు ఆ సంగతిని కథగా చెప్పడు. కావున మన చెవిని బడునది యంతయు పండు రాలిన కథయే. గణితశాస్త్రజ్ఞులు చూపు నుదాహరణ మొకటి యున్నది. ఒక గదిలో 23 మంది యున్నచో, వారిలో నేయిద్దఱికైనను పుట్టినదిన మొక్కటే యగుటకు సగముకంటె నెక్కువ యవకాశము కలదు. నమ్మని యుపాధ్యాయుడు తన తరగతి పట్టీ తీసి చూచుకొనవచ్చును. మన బడులలో పలువురు పిల్లలకు జూన్ నెలలోనే పుట్టినతేదీ వ్రాసివేయు నాచారమువలన లెక్క చెడినచో అది గణితశాస్త్రపు దోషము గాదు.

అంతియ కాదు. కాకి తాటితోపుననే తిరుగుచుండునప్పుడు పండు రాలుట చూచుట యేమి వింత? చెన్నపట్టణమునుండి ఢిల్లీకి పోవు రైలుదారియు, హౌరాకు పోవు దారియు విజయవాడలో గూడుచున్నవి. ఆ స్టేషనులో తెలుగువానికి తెలిసినవాడు కనబడకుండుటయే వింత. ఉపాధ్యాయులకు దీర్ఘమైన సెలవులు వేసవిలో వచ్చును గాన, మే నెలలో తిరుమల కొండమీద ఉపాధ్యాయులు ఉపాధ్యాయులనే కలిసికొందురు. కాశికి పోయిన తెలుగువారు పలువురు ఆంధ్రాశ్రమమున దిగుదురు. అచట తెలుగువా డెదురగుటను దైవఘటన యనుట, బావిలోనికి తొంగిచూచి నీరు కనబడినదని విస్మయపడుట వంటిది. ఎంత దూరము పోయినను మనము మనవారు త్రొక్కిన బాటనే పోవుచున్నాము. ఆ బాట వెడల్పెంతయో కొలిచి చూచినవారును గలరు.

హంగరీ రచయిత కరింతి 1929లో వ్రాసిన యొక కథలో, ఐదుగురి పరిచయపరంపరతో భూమిమీది యే మనుష్యునినైనను చేరవచ్చునని యొక పాత్ర పందెము వేయును. దానిని పరీక్షించినట్లుగా, అమెరికాలో స్టాన్లీ మిల్గ్రాము అను మనశ్శాస్త్రజ్ఞుడు, ట్రావర్సు అను సహచరునితో గూడి, ఎఱిగినవారినుండి యెఱిగినవారికి చేతులు మాఱుచు బోస్టను ప్రాంతమందలి యొక వ్యక్తిని చేరవలసిన యుత్తరములను పంపించెను. 1969లో ప్రకటించిన లెక్కలనుబట్టి 296 మందితో నారంభమైన ఈ ప్రయోగములో 64 ఉత్తరములు మాత్రమే గమ్యము చేరినవి. చేరినవానికి సగటున పట్టిన మధ్యవర్తులు ఐదుగురు. లోకమున కా ఐదు జ్ఞాపకమున్నది. చేరని 232 జ్ఞాపకము లేదు. మరుసటి సంవత్సరమున కోర్టె, మిల్గ్రాములు ప్రకటించిన మఱియొక ప్రయోగము మా విషయమునకు మఱింత దగ్గఱ. లాస్ ఏంజెలిస్ నగరమందలి తెల్లవారి చేతికి ఉత్తరములిచ్చి, న్యూయార్కులోని కొందఱు తెల్లవారికిని, కొందఱు నల్లవారికిని చేర్చుడని కోరిరి. తెల్లవారికి నూటికి 33 చేరినవి, నల్లవారికి 13. చేరిన యుత్తరములు రెంటికిని పట్టిన చేతులసంఖ్యలో పెద్ద భేదము లేదు. అనగా దారి కొలతలో దూర మెక్కువ కాదు. ఆ దారిని నడచు చేతులే తక్కువ.

అమెరికా సంగతి యట్లుండనిచ్చి మన సంగతి చూతము. పరదేశమున తెలుగుమాట చెవిని బడినపుడు కలుగు నానందము నిజమైనది. దానిని మేము పరిహసింపము. రంగూనులో కోరంగీలని పిలువబడిన మన కూలీలకు, నేడు గల్ఫుదేశములకు పోవు నిజామాబాదు, కరీంనగరు, శ్రీకాకుళపు వారికి, ఎఱిగిన మొగము కనబడుట వినోదకథ గాదు; అన్నమును, తల దాచుకొను గదియును అదియే. పాలమూరు కూలీలు మేస్త్రీ వెంట ఊరుమ్మడిగా పోవుదురు గాన వారి కిది యాశ్చర్యముగా దోపనే తోపదు. ఆశ్చర్యపడు విలాసము టిక్కెట్టు గొని యాత్రకు పోవు మనకే యున్నది. మన యానంద మెంతసేపు నిలుచునో గమనించిన వారున్నారా? "తెలుగువారా! ఏ ఊరండీ?" యని యారంభమగును. రెండవ ప్రశ్న జిల్లా. మూడవది "ఇంటిపేరేమండీ?" ఆ యుత్తరము విన్నపిమ్మట కొందఱి మొగము మఱింత వికసించును, కొందఱికి రైలువేళ జ్ఞప్తికి వచ్చును. వేయిమైళ్లు దాటి వచ్చియు మనము వెదకుచున్నది మనుష్యుని కాదు, మన పెరటిగోడను.

మా యెఱుకలోని యుపాధ్యాయు డొకరు నవ్వుచు జెప్పిన సంగతి యిది. ఆయన సకుటుంబముగా తిరుమలకు పోయి, దర్శనానంతరము వెంగమాంబ అన్నప్రసాదశాలలో వరుసలో గూర్చుండెను. ఎదుటి వరుసనుండి పట్టుచీర గట్టిన యొక స్త్రీ లేచివచ్చి, "బాగున్నారా సారూ? పాపకు జరం తగ్గిందా?" యని యడిగినది. ఆయన తెల్లబోయి, "నువ్వెవరమ్మా?" యనెను. ఆమె పేరు చెప్పినది; గుర్తు రాలేదు. ఊరు చెప్పినది, రాలేదు. కడకు, "నేను సారూ, మన బడి ఊడ్చేదాన్ని" యన్నది. ఆరేండ్లుగా ఆయన తరగతిగదిని దినదినము ఊడ్చుచున్న యామె! "చేత చీపురు లేకపోవుటచే పోల్చలేకపోతిని" అని మా మిత్రుడు కథ ముగించి నవ్వెను. వినుచున్నవారును నవ్విరి.

మాకు శాకుంతలము జ్ఞప్తికి వచ్చెను. దుష్యంతునకు ఉంగరము చూచినగాని భార్య గుర్తు రాదు. కాళిదాసు రాజునందు దయదలచి దుర్వాసుని శాపమును కల్పించెను. మహాభారతమందలి మూలకథలో శాపము లేదు, రాజునకు అన్నియు తెలిసియే యుండును. మా మిత్రుని యెడల శాపమిచ్చిన ఋషి యెవరో మేము చెప్పజాలము. ఆమెకు మాత్రము ఏ ఉంగరమును వలసినది కాలేదు. పంచెలోనున్నను, గుండు గీయించుకొన్నను, ఏడుకొండల మీద వేలమందిలోనున్నను ఆమె ఆయనను పోల్చినది. ఆయన కూతురి జ్వరమును గూడ మఱవలేదు. పరిచయ మనగా ఇరువురి నడుమ సమానముగా నుండు వస్తువని మన మనుకొందుము. అట్లు కాదు. క్రిందివాడు పైవానిని ఎఱుగును. ఎఱుగకున్న వానికి జరుగదు. పైవాడు క్రిందివాని పనిని ఎఱుగును.

మిల్గ్రాము పండితుడే 1972లో "ఎఱిగిన అపరిచితు"లను గూర్చి వ్రాసెను. రైలుస్టేషనులో దినదినము చూచుచు నేండ్లతరబడి పలుకరింపనివారు వీరు. నిత్యము కలియు చోటినుండి యెంత దూరమున కనబడిన, అంతగా వారు పలుకరించుకొందురని యాతడు గమనించెను. మా అనుభవమును నదియే: వీధిలో మొగము త్రిప్పుకొని పోవు ఇరుగుపొరుగువారు కాశిలో కౌగిలించుకొందురు. తిరిగివచ్చిన పదిదినములకు మరల మొగము త్రిప్పుకొందురు. 2020 మార్చి కడపటి వారమునుండి దేశమంతట రాకపోకలు స్తంభించినపుడు, రహదారుల వెంట నెత్తిన మూటలతో, చంకన బిడ్డలతో నడచిపోయిన కూలీలను మన మందఱము చూచితిమి. మన గోడలు కట్టినవారు, మన యిండ్లకు రంగులు వేసినవారు వారిలో లేరా? అయినను "అరే, ఈతడు మనవాడే!" యని వారిలో నొకని పోల్చినట్లు చెప్పినవారిని మే మెఱుగము. ఋణానుబంధమను మాట ఆ దినములలో ఎవ్వరినోటను మాకు వినబడలేదు. ఋణము మాత్రము నిక్కముగా నున్నది.

ఇన్ని లక్షల జనములో నందఱిని ఎఱుగుట సాధ్యమా యని కొంద రడుగుదురు. సాధ్యము గాదు, అందఱిని ఎఱుగుమని మేమును చెప్పుట లేదు. మేము మాటాడుచున్నది ఒక బడిని గూర్చి, ఒక వీధిని గూర్చి. అచట పదిమందియో ఇరువదిమందియో యుందురు. పేరు తెలిసికొన్నంతమాత్రమున వారి కేమి యొరగునని మఱికొంద రందురు. ఎఱుగుట పేరుతో ముగియునది యైన నామాట నిజమే. ఎఱిగినవానిని చూచిన వెంటనే మన మడుగు మొదటి ప్రశ్న లేవి? ఆరోగ్యము, పిల్లలు, పని సాగుట. ఆ బడిలోని యుపాధ్యాయులకు జీతము రెండుదినము లాలస్యమైనచో ఆ సంగతి సాయంకాలములోగా ఊరంతయు నెఱుగును. ఆ యూడ్చునామెకు కడపటిసారి ముట్టినది ఏ నెల జీతమో చెప్పుమని మా మిత్రు నడిగితిమి. ఆయన నవ్వు మాని, ప్రధానోపాధ్యాయులు ఎఱిగియుందురేమో యనెను.