కర్రకి జాతి ఉంది

తెలుగులో 'జాతి' అనే మాట చెట్టుకీ వాడతాం, మనిషికీ వాడతాం. మాట ఒకటే కాబట్టి సంగతి కూడా ఒకటేనని చాలామంది అనుకుంటారు. కాదు. చెట్టు దగ్గర అది నిజం. మనిషి దగ్గర పచ్చి అబద్ధం. ఈ తేడా నాకు ఏ తత్వశాస్త్రమూ నేర్పలేదు. కట్టెలు కొట్టిన మా అమ్మ దగ్గర తెలుసుకున్నాను.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద తుఫాను పడింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. లక్షల కొబ్బరిచెట్లు కూలిపోయాయి. వాటితోపాటు గట్ల మీది తుమ్మలూ, చింతలూ, వేపలూ, దొడ్లలోని ములగలూ పడ్డాయి. తర్వాత నెలల తరబడి మా పేటకి దొరికిన పని ఆ చెట్లు కొట్టడమే. పనికొచ్చే మాను ఆసామిది. కొమ్మలూ వేళ్ళూ కొట్టినోళ్ళకి కూలి. అప్పటికి ఆకు రాలి, బెరడు ఊడి, బురద పట్టి, ఏది ఏ చెట్టో చూడగానే తెలిసేది కాదు. అమ్మకి తెలిసేది. గొడ్డలితో ఒక్క దెబ్బేసి చెక్క లేపి చూసేది. లోపల ఎర్రటి చేవ ఉండి, ఎత్తితే బరువుంటే తుమ్మ. చేదు వాసనొస్తే వేప. బెండులా తేలిగ్గా ఉంటే ములగ. గట్టిదనమంతా బయటుండి, మధ్యలో మెత్తటి పీచుంటే తాడి. గన్నేరు పుల్లని పొయ్యి దగ్గరికే రానిచ్చేది కాదు, దాని పొగ కూడా విషమే. చింతని చీల్చడం చావే గానీ, దొరికితే ఆ రోజు పండగే. కళ్ళెర్రబడితే చింతనిప్పులంటాం కదా, ఊరికే అనలేదు ఆ మాట.

ఒకరోజు ఆసామి ములగ కొమ్మలూ, కొబ్బరి మొద్దులూ కూలికింద మావైపు తోయించాడు.

"ఆయ్, ఇది ములగండి బాబూ. పొగే గానీ మంటుండదండి. ఆ తుమ్మ కొమ్మలిప్పించండి" అంది అమ్మ.

"ఏ కర్రయితే ఏంటే? కర్రక్కూడా జాతి చూస్తావా?" అన్నాడాయన. పక్కనున్నోళ్ళు నవ్వారు.

అలా అన్నాయన ఇంట్లో మాకు గ్లాసు వేరు. కర్రలన్నీ ఒకటేనన్న నోటితో మనుషులంతా ఒకటేనని ఆయన ఎప్పుడూ అనలేదు. నిజంగా తేడా ఉన్నచోట చూడటానికి బద్ధకం. తేడా లేనిచోట చూడకుండానే తీర్పు. ఇది ఒక్క ఆసామి గుణం కాదు. కులం ఆలోచించే పద్ధతే ఇది.

గుర్తుపట్టడం వేరు, ముద్ర వెయ్యడం వేరు. అమ్మ "ఇది తుమ్మ" అంటే ఆ మాట సాయంత్రం పొయ్యిలో నిలబడాలి. మండకపోతే మాట తప్పు. కాలేజీలో మాకు కర్రని అడ్డంగా కోసి, భూతద్దం కింద దాని నాళాలు చూపించారు. డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థలో వేల కర్రముక్కలు దాచి ఉంచారు, కొత్త ముక్కని వాటితో పోల్చి చెబుతారు. అమ్మ చేసిందీ పోల్చడమే. ఆవిడ దాచుకున్న ముక్కలు బుర్రలో ఉన్నాయంతే. శాస్త్రం తన మాట దిద్దుకుంటుంది కూడా. నేను చదివినప్పుడు నల్లతుమ్మ అకేసియా, తర్వాత దాన్ని వాచెలియాలోకి మార్చారు. కొత్త ఆధారం దొరికింది, పేరు మారింది.

మరి మనిషికి తగిలించిన కులం ఏ పరీక్షకి నిలబడింది? పుట్టకముందే తీర్పు రాసిపెట్టాక ఇంక చూసేదేముంది? పంజాబు బ్రాహ్మడూ పంజాబు చమారూ వేరువేరు జాతులు కారని అంబేద్కర్ 1936లో 'కులనిర్మూలన'లో వాదించాడు. అయినా మనకి పెట్టిన పేరు ఎవరూ దిద్దలేదు.

ఇంకో ప్రశ్న. ఇంత తెలిసిన మనిషిని ఏమీ తెలియనిదని ఎందుకన్నారు? 1881లో గాంబుల్ అనే తెల్లదొర మన దేశపు కలప మీద 'మాన్యువల్ ఆఫ్ ఇండియన్ టింబర్స్' అని పెద్ద పుస్తకం వేశాడు. అందులో చెట్ల తెలుగు పేర్లున్నాయి. అవి ఆయనకి ఇంగ్లండులో దొరకలేదు. చెట్టు పక్కన బతికినోళ్ళ నోట్లోంచి రావలసిందే. పుస్తకానికెక్కితే వృక్షశాస్త్రం, అమ్మ నోట్లో ఉంటే కూలిదాని మాట. ఆవిడ కండకి కూలి కట్టారు, తెలివికి కట్టలేదు.

ఈమధ్య ఈ తెలివిని మెచ్చుకునేవాళ్ళు ఎక్కువయ్యారు. మీరు ప్రకృతితో కలిసి బతికారంటారు. అక్కడ జాగ్రత్తగా ఉండాలి. అమ్మ కర్రల్ని సరదాకి చదవలేదు. తప్పు కర్ర తెస్తే అన్నం ఉడకదు, దగ్గు ఆగదు. అందుకు చదివింది. ఆ తెలివిని పొగడండి, ఆ పొగని పొగడకండి. మా చెల్లెలి కూతురు గ్యాసు మీద వండుతుంది. తుమ్మకీ ములగకీ తేడా దానికి తెలీదు. పొగ పోయినందుకు నాకు సంతోషం, తెలివి కూడా పోతున్నందుకు బాధ. మన తెలివి నిలవాలంటే మన ఆడవాళ్ళు పొయ్యి ముందే కూచోవాలనే వాదన మాత్రం నేనొప్పుకోను. తెలివిని కాయితం మీద నిలబెట్టొచ్చు.

అందుకే చదువుకుంటున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ చెబుతున్నాను. మీ అమ్మల్నీ అమ్మమ్మల్నీ అడిగి రాసుకోండి. చెట్టు పేరు పక్కన చెప్పినామె పేరు కూడా రాయండి. ఇక ఎవరైనా మనిషిని చూసి ఫలానా జాతి అంటే, ఎలా తెలిసిందో చూపించమని అడగండి. కర్ర సంగతైతే అమ్మ చూపించేది.